పదకొండు మొదటి మెట్లు

పులిహోరకు అన్నం వేడి మీద కలిపితే మధ్యాహ్నానికి మెత్తబడి పాడవుతుంది. అందుకని గుట్టకు వెళ్లే ఆదివారం నేను నాలుగింటికే లేస్తాను. రెండు కిలోల బియ్యం వండి, తెల్లబట్ట మీద పరిచి, అది ఆరేలోగా స్నానం, దీపం, పిల్ల జడ, మా ఆయన మాత్రల డబ్బీ అన్నీ ముగిస్తాను. ఏడాదిలో పదకొండు గుట్టలకు వెళ్లాం. ఒక్కసారి కూడా పులిహోర పాడవలేదు. ఒక్కసారి కూడా కోతులకు ఒక్క పొట్లం దొరకలేదు. ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతున్నాను. చెప్పుకోవడానికి అప్పటికి నా దగ్గర ఉన్నది అదొక్కటే.

ఈ గుట్టలు మా ఆయన కాలితో మొదలయ్యాయి. పటాన్‌చెరులో ఆయన పనిచేసే కంపెనీలో నీలం రంగు డ్రమ్ము ఒకటి దొర్లి కాలి మీద పడింది. షుగరు మనిషి. బొటనవేలు నల్లబడింది. మానకపోతే వేలు తీసేయాలన్నారు డాక్టరు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి నేను నర్సింహస్వామికి మొక్కుకున్నాను. ఈ మనిషి తన కాళ్ల మీద తాను నడిస్తే, ఏడాదిలో పన్నెండు గుట్టలెక్కి నీకు కొబ్బరికాయ కొడతాను స్వామీ అని. మూడు నెలలకు పుండు మానింది. రోజూ నడవమన్నారు.

మొక్కు సంగతి మా అత్తమ్మ ముత్యమ్మకు చెప్పాను. ఆమె కొడుక్కు చెప్పింది. ఆయన అనిల్‌కు చెప్పాడు. అనిల్ ఆయనతో పాటు అదే షిఫ్టులో పనిచేస్తాడు, ఇంద్రేశంలో మా వెనక గల్లీలోనే ఉంటాడు. ఒక్కళ్లే పోవుడెందుకు, నెలకో గుట్ట అందరం పోదామన్నాడు. మేము నలుగురం, అనిల్, అతని భార్య పుష్ప, అదే కంపెనీలో చేసే రాంచందర్ ఇంటివాళ్లు నలుగురు, మొత్తం పదిమందిమి. వాట్సాప్‌లో 'పన్నెండు గుట్టలు' అని గ్రూపు కూడా పెట్టారు. అందులో నన్ను చేర్చలేదు. ఇంటికొక నంబరు చాలన్నారు.

మొదటి గుట్ట వికారాబాద్ దిక్కు. కిరాయి తూఫాన్ బండి దిగి అందరం మెట్ల దగ్గర నిలబడ్డాం. పైన దేవుడు, చెప్పులు కిందే విడవాలి. చుట్టూ కోతులు. చెప్పులు, సంచులు, పులిహోర గిన్నె ఎవరు చూసుకోవాలని అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మా ఆయన చూపు తిరిగి తిరిగి నా మీద ఆగింది.

"ఎవరో ఒకరు ఉండాలె గదా. నువ్వు కూసో జెర. నీకు మోకాళ్లు గూడ పట్టుకుంటయి."

మోకాళ్ల నొప్పులు మా అత్తమ్మవి, అయినా ఆమె పైకే బయల్దేరింది. నా మోకాళ్ల గురించి నేనెప్పుడూ ఎవరితోనూ చెప్పింది లేదు. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో పనిచేస్తాను. ఎనిమిది గంటలు నిలబడి గోలీల పట్టీలు డబ్బాల్లో పెడతాను. లిఫ్టు సామాన్లకే, ఆడవాళ్లం మూడంతస్తులు మెట్ల మీద, రోజుకు నాలుగుసార్లు. ఒకసారి కడుపునొప్పి వచ్చి స్టూలు మీద కూర్చుంటే, స్టూలు సార్లు వస్తే కూర్చోవడానికని సూపర్‌వైజర్ లేపాడు. అక్కడ నా మోకాళ్లకు ఏ బాధా ఉండదని వాళ్లకు నమ్మకం. ఇక్కడ గుట్ట ఎక్కలేవని వీళ్లకు నమ్మకం. రెండు చోట్లా నన్ను అడిగినవాళ్లు లేరు.

కూర్చున్నాను. కొబ్బరికాయ ఆయన చేతిలో పైకి వెళ్లి, రెండు చిప్పలై తిరిగివచ్చింది. మొక్కు మన ఇంటిదే కదా, ఎవరు కొట్టినా ఒకటే అన్నాడు. నేనూ సరే అనుకున్నాను. తర్వాత ప్రతి గుట్టకూ అదే అలవాటైంది. బండి దిగగానే చెప్పులన్నీ నా ముందు వరసగా విడిచేవాళ్లు. ఎవరూ చెప్పేవాళ్లు కాదు, నేను అడిగేదాన్ని కాదు. వాళ్లు వెళ్లాక మొదటి మెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి దండం పెట్టుకునేదాన్ని. అలా పదకొండు గుట్టల మొదటి మెట్లు నాకు తెలుసు. ఒకదాని మూల అరిగిపోయి ఉంటుంది. ఒకదాని మీద కట్టించినవాళ్ల పేరు సగం సున్నంలో కలిసిపోయింది. ఒకచోట అసలు మెట్టే లేదు, బండ మీద గుంట. కోతుల సంగతి కూడా నేర్చుకున్నాను. ముందు నుంచి పళ్లు చూపించేది ఉత్తదే, అసలుది వెనక నుంచి వస్తుంది. వీపు బండకు ఆనించి, సంచులు ఒడి దగ్గర పెట్టుకుని, కర్ర పట్టుకుని కూర్చోవాలి.

పదకొండో గుట్ట కింద ఒక ముసలామె కొబ్బరికాయలు అమ్ముతోంది. మావాళ్లు పైకి వెళ్లాక నన్ను చూసి అడిగింది.

"ఎవల మొక్కు బిడ్డా?"

"నాదే అవ్వా."

"మరి నువ్వు ఈడ కూసున్నవేంది?"

సామాన్ల కాడ ఎవరన్నా ఉండాలె గదా అన్నాను. ఆమె పూల మీద నీళ్లు చల్లుకుంటూ కూర్చుంది. ఏదన్నా అన్నా బాగుండేది. గుట్టలెక్కుతానని దేవుడికి మాట ఇచ్చింది నేను. ఆ మాట మీదనే ఆ కాలు మానిందని నమ్మేదాన్ని నేను. ఏడాది గడవబోతోంది, నేను ఒక్క గుట్టా ఎక్కలేదు. ఇచ్చిన మాట సంచుల దగ్గర కూర్చోబెట్టి ఉంది.

ఆ వారం అనిల్ టీషర్టులు కుట్టించి తెచ్చాడు. బూడిదరంగు, వెనక 'పన్నెండు గుట్టలు' అని అచ్చు. తొమ్మిది ఉన్నాయి. మా అమ్మాయి రుచిత లెక్కపెట్టి, "అమ్మది ఏది అంకుల్?" అంది. వదిన ఎక్కదు కదా, ఉత్తగా ఎందుకని తేలేదన్నాడు. అతని మనసులో చెడు లేదు. మా ఆయన నవ్వి, "గామె ఫోటోల రాదు గదా" అన్నాడు.

ఆయన టీషర్టు నేనే ఇస్త్రీ చేశాను. చేస్తుంటే అత్తమ్మ పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. కొడుక్కు కంపెనీలో నౌకరీ దొరికితే జాతరకు చెప్పుల్లేకుండా నడిచి వస్తానని ఆమె మొక్కుకుంది. ఆ రోజుకు జ్వరం. నీ బదులు నేను నడుస్తానని కొడుకు ఎంత చెప్పినా వినలేదు. మొక్కింది నేనైతే నీ కాళ్లకేం సంబంధమని జ్వరంతోనే నడిచింది. అప్పుడు ఆమె వెనక నీళ్ల సీసా పట్టుకుని నడిచింది నేనే.

పన్నెండో గుట్ట జోగిపేట దిక్కు. తొమ్మిది మంది టీషర్టులు వేసుకుని దిగారు. అత్తమ్మ కూడా చీర మీద వేసుకుంది. ఎప్పటిలాగే చెప్పులు నా ముందు వరసగా విడిచారు. నేను నావి కూడా విడిచి ఆ వరసలోనే పెట్టాను. సంచిలోంచి కొబ్బరికాయ తీసుకుని, కర్ర మా ఆయన చేతికిచ్చాను.

"ఏందిది?"

"ఇయ్యాల నువ్వు కూసో. నేను ఎక్కుత."

ఆయన అనిల్ వైపు చూశాడు. ఆఖరి గుట్టకు తాను లేకుంటే ఎట్లా, అందరూ నవ్వుతారన్నాడు. గొంతు తగ్గించి, "మొక్కు మన ఇంటిది గదనే" అన్నాడు.

"ఇల్లు మొక్కలే. నేను మొక్కిన."

నేను గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినిపించింది. మా అత్తమ్మ టీషర్టు కిందికి లాక్కుంటూ నన్ను కాసేపు చూసింది.

"నర్సింగ్, కూసో బిడ్డా. మొక్కినోళ్ల కాళ్లే ఎక్కాలె. పదకొండు గుట్టలు నాకు యాదికే రాలే. తప్పు నాది గూడ."

ఆయన కూర్చున్నాడు.

రెండు వందల పన్నెండు మెట్లు. పుష్ప వెనక ఆయాసపడుతూ, జెర ఆగక్కా, గట్ల ఉరుకుతున్నవేంది అంటోంది. మూడంతస్తులు రోజుకు నాలుగుసార్లు ఎక్కే కాళ్లు, అవి ఆగలేదు. పైన బండ కింద చిన్న గుడి. పూజారి ఎవరి పేరు మీద అని అడిగారు. నోట్లో అలవాటుగా ఆయన పేరు మెదిలింది. "సునంద" అన్నాను. కొబ్బరికాయ మూడో దెబ్బకు పగిలింది. తప్పు కాయమని అడగబోయి ఆగాను. నేను కిందనే ఉన్నానని నీకు తెలుసు కదా స్వామీ, ఒక్కసారన్నా పిలిపించకపోయావా అని అడిగాను. కోపంగా కాదు, ఇంట్లోవాళ్లను అడిగినట్టే. అప్పుడు కొబ్బరికాయల అవ్వ గుర్తొచ్చింది. పిలిపించే ఉంటాడు.

పైనుంచి చూస్తే చెరుకు తోటలు, దూరంగా మంజీర. కింద చాప మీద మా ఆయన, చేతిలో కర్ర, చుట్టూ మా చెప్పులు. పైనుంచి చూస్తే అక్కడ కూర్చున్నవాళ్లు ఇంత చిన్నగా కనిపిస్తారని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

దిగేసరికి పులిహోర లేదు. గిన్నె బోర్లా పడి ఉంది. ఒకటి ముందట పళ్లు చూపించిందని, దాన్ని బెదిరిస్తుంటే వెనక నుంచి ఇంకోటి వచ్చిందని మా ఆయన చెబుతుంటే రుచిత ఆపుకోలేక నవ్వింది. నేను నవ్వలేదు. అందరికీ కొబ్బరి ముక్కలు, అరటిపండ్లు పంచాను. మా ఆయన నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు.

"ఇన్ని రోజులు నువ్వెట్ల కాపాడినవే?"

పదకొండు నెలల్లో ఆ పని గురించి ఆయన అడిగిన మొదటి మాట అది.

అనిల్ ఫోను పట్టుకుని అందరినీ మెట్ల మీదికి రమ్మన్నాడు. నన్ను కూడా పిలిచాడు. "పన్నెండు అయిపోయినయ్ వదినా. మొక్కు తీరినట్టే."

"మీకు పన్నెండు తమ్మీ" అన్నాను. "నాకు ఒకటి. ఇంక పదకొండున్నయ్."

వచ్చే నెల వికారాబాద్ దిక్కు, తూఫాన్ బండి నేనే మాట్లాడతాను, రావాలనుకున్నవాళ్లు రండి, ఎవరి సద్ది వాళ్లే తెచ్చుకోండి అన్నాను. పుష్ప వెంటనే చెయ్యెత్తింది. అత్తమ్మ ఒక గుట్టకు సామాన్ల కాడ తాను కూర్చుంటానంది.

తిరుగు దారిలో సంగారెడ్డి దాటాక మా ఆయన, కిటికీలోంచి బయటకు చూస్తూనే, రెండు కిలోల బియ్యానికి చింతపండు ఎంత పడుతుందని అడిగాడు. చెప్పాను. ముందు నాలుగింటికి లేవాలని కూడా చెప్పాను.