మళ్ళీ అక్క ఆఖరి మూట

ఆవిరి యంత్రం తలుపు తెరిచి, సెగ తగ్గేదాకా ఆగి, మూటలను ఒక్కొక్కటే తిరగేసి చూస్తోంది మళ్ళీ అక్క. ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ కడిగి, గుడ్డలో చుట్టి, ఆవిరి పట్టించి పై అంతస్తుకు పంపడం ఆమె పని. ఏ మాత్రం అనుమానం వచ్చినా "మళ్ళీ పెట్టండి" అంటుంది కాబట్టి ఆసుపత్రంతా ఆ పేరు ఖాయం చేసేసింది. ఆమె ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. ఆవిరికి కమిలిన ముంజేతులు, కాస్త వంగిన నడుము. చూపు మాత్రం చురుకే. ఈ సాయంత్రంతో ఉద్యోగ విరమణ.

చివరి మూట అడుగున వేలికి చెమ్మ తగిలింది. తడి గుడ్డలోంచి క్రిములు లోపలికి పాకుతాయి. గోడ మీది నియమావళిలో మొదటి మాటే అది: తడిసిన మూట గది దాటకూడదు, రోగి ఎవరైనా సరే.

ఈ పూట రోగి ఆమె సొంత అన్నయ్య.

"అరచేతంత చెమ్మేగా అక్కా! నేను చూడలేదనుకో," అన్నాడు సూపర్‌వైజరు. "ఇప్పుడు పంపకపోతే డాక్టరుగారు వెళ్ళిపోతారు. ఇక వచ్చేది సాయంత్రమే."

"నువ్వు చూడలేదు, సరే. నేను చూశాగా."

ఈ సంగతి ఎలా పొక్కిందో, వదిన గుమ్మం దాకా వచ్చేసింది. "పొద్దుట్నుంచి మీ అన్నయ్య మంచినీళ్ళైనా ముట్టలేదు. కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నారు. మనవాళ్ళున్నారని ఇక్కడికి తీసుకొస్తే నువ్వే అడ్డం పడతావా?"

"ముక్కూ మొహం తెలియనివాళ్ళకైతే ఆపి, అన్నయ్యకి మాత్రం వదిలెయ్యమంటావా వదినా?"

"నీ రూల్సూ నువ్వూ!" వదిన గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

అన్నయ్యంటే మళ్ళీ అక్కకు ప్రాణం. గోడ మీద ఆ మాటే లేకపోతే, ఆ ప్రేమే ఈ నిమిషంలో తన చేత తప్పు చేయించేదని ఆమెకు తెలుసు. మూట విప్పింది. కత్తెరల పక్కన బోర్లించాల్సిన గిన్నె వెల్లకిలా ఉంది, దాన్నిండా ఆవిరి నీళ్ళు. కట్టింది తనే. అన్నయ్య కోసమన్న కంగారులో కట్టింది. ఫోను తీసి, "పొరపాటు నాదే సార్, మూట మళ్ళీ పెట్టాలి," అంది. అవతల డాక్టరు విసుక్కుంటూనే సాయంత్రం వస్తానన్నాడు.

వచ్చాడు. ఆపరేషన్ సాఫీగా జరిగింది. ఈలోగా సూపర్‌వైజరు వీడ్కోలుగా నాలుగు మంచి మాటలు చెబుదామని అందరినీ పోగేసేసరికి, ఆమె ఏప్రాన్ విప్పి తగిలించి వార్డుకు వెళ్ళిపోయింది.

అన్నయ్య మగతలోనే చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. వదిన ఇంకా మొహం గంటు పెట్టుకునే ఉంది.

"నా కోపం ఇంకా పోలేదు. అది సరేగానీ, రేపట్నుంచి అక్కడ ఎవరు చూస్తారు?"

"గోడ మీద రాసి ఉందిగా వదినా. ఎవరున్నా చూడాల్సిందే."

ఆవిరి గదిలో తొడిగినవి ఏవీ బయటికి రాకూడదు. కింద గుమ్మం లోపల, ఆమె కడిగి గోడకు ఆనించిన రబ్బరు చెప్పులు, మడమ దగ్గర అరిగిపోయినవి, నీళ్ళోడుతూ ఆరుతున్నాయి.