కంట్లో పింగాణీ

ఉక్కు ఊళ్ళో ఉన్నవాడు ఉక్కుతో ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. మా క్వార్టరు స్నానాల గదిలో పాత పలకలు ఊడదీసి కొత్తవి వేసిన మేస్త్రీ, తెల్ల పింగాణీ ముక్కలు కొన్ని వరండాలో వదిలిపోయాడు. ఇనుము ఎరగని కాలంలో మనిషి రాతిని చెక్కి బాణపు మొనలు చేసినట్టు, ఆ ముక్కలతో నేనూ చెయ్యడం మొదలుపెట్టాను.

విద్య తేలికే. ముక్క అంచుకి రాగి కడ్డీ మొన ఆనించి లోపలికి నొక్కితే, అడుగు వైపు నుంచి చేప పొలుసంత పెచ్చు టిక్కుమని లేస్తుంది. పెచ్చు మీద పెచ్చు, నాకు పిచ్చి మీద పిచ్చి. మూడు వారాల్లో ఐదు మొనలు చేశాను. ఒకదానితో పాత చెప్పు తోలు గీస్తే వెన్నలా తెగింది.

ఆ ఆదివారం పదకొండింటికి నా బావమరిది పైడిరాజు వచ్చాడు. మిషను షాపులో పని అతనికి.

“ఏటి బావా, ఈ వయసులో పలక పట్టావు?”

“చిన్నప్పుడు పలక పట్టనోడివి, నీకేటి తెలుస్తాదిరా దీని ఇలువ? ఇలా రా, సూడు.”

చూపించబోయి చూపుకే ఎసరు పెట్టుకున్నాను. కడ్డీ జారింది. కుడి కంట్లో ఏదో పడింది.

మంట కాదు. ఏదో లోపల నిలబడ్డట్టుంది. రెప్ప వాలిస్తే గీసుకుంటోంది, ఎత్తితే నీళ్ళు ధారకట్టాయి. మామూలుగా నా నోటికి అడ్డుండదు. ఆ పూట భయానికి శ్లేష కూడా శ్లేష్మంలా గొంతుకి అడ్డం పడింది.

నాకు కన్నే అన్నం. ఉక్కు కరిగించే షాపులో క్రేను నడుపుతాను. నలభై అడుగుల ఎత్తున చిన్న గదిలో కూర్చుని, కింద మనిషి చేసే చేతి సైగని బట్టి కరిగిన ఉక్కు నిండిన బానని జరుపుతాను. ఒక్క కన్ను మసకేసినా క్రేను ఎక్కనివ్వరు. ఆ రోజు రెండింటికి నా షిఫ్టు.

“ఆస్పత్రికెల్దాం, లెగండి,” అంది మా ఆవిడ రత్నం.

“వొద్దే. అక్కడ నా కంపెనీ వైద్యం పుస్తకంలో రాసెత్తారు. రాస్తే కిందకి దించెత్తారు. ఈ వయసులో నన్ను ఖలాసీని చేసి బరువులు మోయమంటారు.”

“ఆస్పత్రెందుకక్కా,” అన్నాడు పైడిరాజు. “మా షాపులో రోజూ ఎవడికో పడతాది. రెండు నిమిషాల్లో లాగెత్తాం.” సైకిలెక్కి వెళ్ళి, స్నేహితుడి ఇంటినుంచి గుర్రపు నాడాలాంటి అయస్కాంతం తెచ్చాడు. దాన్ని నా కంటికి వేలెడు దూరంలో పెట్టాడు.

“కన్ను అటూ ఇటూ తిప్పు బావా. దొర్లితే అతుక్కుంటాది.”

తిప్పాను. తిప్పిన ప్రతిసారీ లోపల ఓ గీత పడుతున్నట్టు తెలుస్తూనే ఉంది.

“ఇంకా తిప్పు. గట్టిగా.”

పది నిమిషాలు తిప్పాను. అతను అయస్కాంతాన్ని తిరగేసి మళ్ళీ పెట్టాడు. ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో కంట్లో పడేదంతా ఇనుమే. ఇంకేదైనా పడుతుందన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

రత్నం మెల్లిగా అడిగింది. “తమ్ముడూ, అది పింగాణీ కప్పుకి అతుక్కుంటాదేటిరా?”

పైడిరాజు వంగి, నేలమీదున్న బాణపు మొనకి అయస్కాంతం ఆనించాడు. మొన కదల్లేదు.

“బావా, నేనే తిప్పమన్నాను,” అన్నాడు.

రత్నం పరుగెత్తి, దారిలోనే సంగతంతా చెప్తూ పక్క లైనులో ఉండే తాయారమ్మని పిలుచుకొచ్చింది. కంట్లో నలుసు పడితే నాలుక కొసతో తీసేస్తుంది ఆ ముసలావిడ. నా రెప్ప పైకెత్తి వెలుతురు వైపు తిప్పి చూసింది. నోరు తెరిచింది, మళ్ళీ మూసేసింది.

“ఇది నాలికతో తీసేది కాదు బాబూ. నల్లగుడ్డు మీదే గుచ్చుకునుంది. నాను ఏలెట్టను. పుస్తకంలో రాస్తే రాసుకోనీ, ఆస్పత్రికెల్లు.”

అప్పటికీ మొండిపట్టు వదల్లేదు. పైడిరాజుని వీధి చివర నిలబడి క్రేను సైగ చెయ్యమన్నాను. ఎడమ కన్ను మూసుకున్నాను. గులాబి రంగు మసకలో ఏదో ఊగింది.

“దించమంతన్నావు,” అని అరిచాను.

“ఆపమంతన్నాను బావా.”

అక్కడినుంచి ఇంకేం ఆలోచించలేదు. మా షాపులో ఆ బాన కింద ఒక్కోసారి పన్నెండుమంది ఉంటారు. పైడిరాజు సైకిలు వెనక ఎక్కి కూర్చున్నాను. దారిలో ప్రతి గుంతకీ అతని నడుము గట్టిగా పట్టుకున్నాను.

ఆస్పత్రిలో డాక్టరు చుక్కల మందు వేసి, భూతద్దం దగ్గరపెట్టి, సూదిలాంటి దానితో తీశారు. తీస్తున్నంతసేపూ కదలొద్దన్నారు. కన్ను కదల్లేదు గాని, బల్ల కింద కాళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాయి.

“గీతలు చాలా పడ్డాయి,” అన్నారాయన కట్టు కడుతూ. “నలిపారా?”

“అయస్కాంతం పెట్టి తిప్పామండీ.”

ఆయన నవ్వలేదు. “నడి మధ్యనున్న గీత మానుతుందో మచ్చ మిగులుతుందో వారం దాకా చెప్పలేను. ఏం పని?”

పైడిరాజు నా కంటే ముందే అందుకున్నాడు. “స్టోర్స్‌లో గుమస్తా అండీ.”

నన్ను కాపాడాలనే అన్నాడు పాపం. గోడ మీది గడియారంలో ఒంటిగంటన్నర. గుమస్తానంటే మామూలు చీటీ రాసి పంపేస్తారు. ఆ పుస్తకం జోలికి ఎవరూ రారు. కట్టు విప్పేసి ఇప్పటికిప్పుడు షిఫ్టుకి వెళ్ళిపోవచ్చు కూడా.

జేబులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను.

“క్రేనండీ,” అన్నాను. “రెండింటికి డ్యూటీ. ఎక్కకూడదని రాయండి. రేపొచ్చి బతిమాలతాను, అప్పుడు మార్చకండి.”

ఆయన కలం మూత తీశారు.