గడీ కొలతలు

పొద్దున్నే జంపక్క చేసే మొదటి పని ఊరి దొర కట్టించిన గడీ కిటికీలు తెరవడం. కింద పద్దెనిమిది, మీద పద్నాలుగు. గబ్బిలాలను చీపురుతో తరిమి, హాలు ఊడ్చి, వేపాకు పొగ పెట్టేసరికి ఎండ మెట్ల దాకా వచ్చేది. అంతకుముందు ఆ పని వాళ్ళమ్మ చేసింది. వాళ్ళ తాత ఆ హాల్లో ఎన్నడూ అడుగు పెట్టలేదు గానీ, అక్కడి టేకు స్తంభాలను వెట్టిచాకిరిలో అడవి నుంచి లాక్కొచ్చిన వాళ్ళలో ఆయనా ఒకడు.

జూలూరుపాడు దాటాక అడవి మొదలయ్యే చోట ఉంది ఆ గడీ. దొర వారసులు హైదరాబాదులో స్థిరపడి, చాన్నాళ్ళు దాన్ని మరిచిపోయారు. 2006లో భూముల ధరలు లేచేసరికి గుర్తొచ్చింది. ఆదివారం పేపర్లో ప్రకటన పడింది: "వందేళ్ళ చారిత్రక భవనం. అరవై అడుగుల హాలు. పదకొండు గదులు. అడవి అంచున ప్రశాంత జీవితం." ఇక ప్రతి ఆదివారం ఖమ్మం బ్రోకరు రామ్‌చందర్ ఎవరో ఒక పార్టీని వెంటబెట్టుకుని వచ్చేవాడు.

గడీ మనిషిని బట్టి కొలతకొచ్చేది. చుట్టుపక్కల అందరికీ తెలిసిన సంగతే. రిసార్టు పెడదామని వచ్చినాయన టేపు పట్టుకుంటే హాలు ఇరవై రెండు అడుగులే తేలింది.

"పేపర్లో అరవై అని వేశారు కదయ్యా?" అన్నాడాయన.

"అరవై ఉంటది సార్. మీకు గంతే వచ్చింది," అన్నాడు రామ్‌చందర్, మొన్న వాన తక్కువ పడిందని చెప్పినంత మామూలుగా.

గడీని విప్పి టేకు అమ్ముకుందామని వచ్చిన కలప వ్యాపారికైతే గుమ్మం ఎంత కిందికి దిగిందంటే, నడుం వంచి బయటపడాల్సి వచ్చింది. ఆయన నెత్తి రుద్దుకుంటూ జీపెక్కాడు.

జంపక్కకు మాత్రం గడీ ఎప్పుడూ ఒకే తీరు. ఊడ్చేటోళ్ళకు ఏ ఇల్లైనా పెద్దదే అనుకునేది. ఆమె ఎన్నడూ టేపు ముట్టలేదు.

వానలు తగ్గాక వైరా నుంచి వెంకటప్పయ్య, ఆయన భార్య సీతారావమ్మ వచ్చారు. ముప్పై ఏళ్ళ కింద గుంటూరు వైపు నుంచి వలస వచ్చి, మిర్చి వ్యాపారంలో నిలదొక్కుకున్న మనిషాయన. కాపురం మాత్రం ఇప్పటికీ మిర్చి గోదాము వెనక రెండు గదుల్లోనే. చుట్టాలు తుమ్ముతూ వచ్చి తుమ్ముతూ పోయేవాళ్ళు. అందుకే సీతారావమ్మ ఎవర్నీ నాలుగు రోజులుండమని అడగడం మానేసింది.

ఆమె వరండాలో చెప్పులు విప్పి, స్తంభం మీద చెయ్యి వేసి, కడుపునిండా గాలి పీల్చింది.

"ఏవండీ," అంది మెల్లగా, "ఇక్కడ ఊపిరి పీల్చాక వదలబుద్ధి కావట్లేదు."

టేపు ఆమె చేతికిస్తే, వంద అడుగుల టేపు అయిపోయింది గానీ హాలు అయిపోలేదు. వెంకటప్పయ్య మొహం వెలిగిపోయింది. ఆ పూటే బేరం కుదిరింది.

వెళ్ళేముందు ఆయన జంపక్కను పిలిచాడు. "వాచ్‌మన్‌ని మేమే తెచ్చుకుంటాం. రిజిస్ట్రేషన్‌లోపు వెనకాల రేకుల షెడ్డు ఖాళీ చెయ్యమ్మా."

జంపక్క తలూపింది. ఆ షెడ్డులోనే ఆమె, పన్నెండేళ్ళ కూతురు పూలి ఉండేది. గడీ వెనక గోడ అవతల చనిపోయిన నాయన పేరు మీద ఆమెకు కొంచెం నేల ఉంది గానీ, ఎన్నిసార్లు గుడిసె వేసినా వానకు వాగు పొంగి ఎత్తుకుపోయేది.

"యేడికి పోదామమ్మా?" అంది పూలి.

"కొత్తగూడెం పోదాం. కిరాయికి గదులుంటయంట."

"మరి నా బడి?"

జంపక్క బట్టలు మడతపెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

రెండు వారాలకు అందరూ సర్వేయర్‌ను తీసుకుని వచ్చారు. వెంకటప్పయ్య పట్టుకుంటే హాలు యాభై అడుగులు, సీతారావమ్మకు నూట పది, రామ్‌చందర్‌కు ఒకసారికొకటి. సర్వేయర్ చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఆలోచించాడు.

"కాయితంల ఒక్కటే రాయాలె సార్. కొనేటోళ్ళు వద్దు, అమ్మేటోళ్ళు వద్దు. ఇద్దరూ కానోళ్ళు పట్టుకోవాలె. అక్కా, నువ్ రా."

జంపక్క కొంగుతో చేతులు తుడుచుకుని టేపు కొస అందుకుంది. వెనక్కి నడిచింది. హాలు సరిగ్గా అరవై. ఆపైన ఒక్కో గదీ రాసుకుంటూ వంటింటి దాకా వచ్చారు. అక్కడ వెనక గోడ వీపుకు తగలాలి. తగల్లేదు. తిరిగి చూస్తే తలుపు. టేపుతోపాటే లోపలికి పోయింది.

"అక్కా, ఆగినవా?"

"ఇంకా ఉన్నది సార్," అని లోపలి నుంచి ఆమె గొంతు.

అందరూ వెళ్ళి చూశారు. తెల్లని సున్నం గోడలు, బయటికో తలుపు, అడవి వైపు కిటికీ. ఎత్తైన రాతి పునాది మీద ఉంది గది. వాగు ఎక్కడో కింద పారుతోంది. సర్వేయర్ పన్నెండో గది అని రాసుకున్నాడు.

"సామాన్లు పెట్టుకోడానికి పనికొస్తుందిలే," అన్నాడు వెంకటప్పయ్య తృప్తిగా.

సర్వేయర్ నక్షా పరిచి వేలితో గీత వెంట వచ్చి ఆగాడు. "గడీ వెనక గోడే ఏజెన్సీ హద్దు సార్. ఈ గది అవతల పడ్డది. అక్కడ గిరిజనుల భూమి మీకు రిజిస్ట్రేషన్ కాదు. అది ఈ అక్కోళ్ళ నాయన పట్టా."

"అయితే కూలగొట్టిస్తే సరి. రేపు తగాదా ఎందుకు?" అన్నాడు వెంకటప్పయ్య.

"కూలగొట్టనియ్య సార్."

అన్నది జంపక్క. టేపు కొస ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. "నా నేల ఇది. నా నేల మీది గోడ." ఆ గడీలో 'నా' అన్న మాట ఆమె నోటి నుంచి అంతకుముందు ఎన్నడూ రాలేదు. ఆమె పక్కకు జరగలేదు.

వెంకటప్పయ్య ఏదో అనబోయాడు. సీతారావమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మనకున్న మూడో గదిలోకి మిర్చి బస్తాలు దించి దాన్నీ గోదాము చేసిన రోజున నేను ఈ మాట అనుంటే బాగుండేది," అంది. భర్త వైపు తిరిగి, "వంటింటి తలుపు ఉండనివ్వండి. గడియ మాత్రం ఈ గదివైపు పెట్టించండి," అంది.

"ఈ గదివైపా? ఇల్లు మనది కదే!"

"గది ఆవిడది కదండీ."

ఆయన రామ్‌చందర్ వంక చూశాడు. రామ్‌చందర్ కిటికీలోంచి వాగును చూస్తున్నాడు.

పదకొండు గదులకు రిజిస్ట్రేషన్ అయింది. పన్నెండోదానికి పంచాయతీ వాళ్ళు జంపక్క పేరు మీద ఇంటి నంబరు వేశారు. పూలి బడి మారలేదు.

కార్తీకంలో సీతారావమ్మ వాళ్ళు గడీలో దిగారు. ఆ పొద్దున జంపక్క తెరిచింది ఒక్క కిటికీయే. తర్వాత నేల మీద కూర్చుని పూలికి తల దువ్వుతుంటే, గడీ వైపు తలుపు మీద ఎవరో మెల్లగా కొట్టారు.

"జంపక్కా, లోపలికి రావచ్చా?" సీతారావమ్మ గొంతు.

పూలి లేవబోయింది. జంపక్క భుజం పట్టి కూర్చోబెట్టింది. జడ చివరిదాకా అల్లి, రిబ్బను ముడేసింది. తలుపవతల మనిషి ఆగే ఉంది. అప్పుడు లేచి, గడియ తీసింది.