పచ్చగానే ఉన్నాయి కదే

మా అక్కకి ఏం చెప్పినా చెవికెక్కదు. వేరు వచ్చేదాకా ఆ పైన్ కొమ్మల జోలికి వెళ్లొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. మొక్కల నర్సరీలో, కొమ్మలకి వేరు పట్టించే తేమ గది చూసుకునే పని నాది. నా నోటికి పనివాళ్లంతా హడలిపోతారు. రోజూ వాటిని చూడ్డానికొచ్చే అక్క మాత్రం బుద్ధిగా తలూపి, తను చేసేది చేసుకుపోతుంది.

ఆ పైన్ చెట్టు బావ నాటింది. బావ చనిపోయిన ఏడాదే అదీ పైనుంచి ఎండుతూ వచ్చింది. పచ్చగా మిగిలిన ఒకే ఒక్క కొమ్మ నుంచి కొసలు కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చి, ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపిన ట్రేలో నేనే గుచ్చాను. తర్వాత చెట్టును కొట్టేశారు. మళ్లీ కోద్దామన్నా కొమ్మ లేదు. ఈ ట్రేలో ఒక్కటైనా బతికితేనే బావ చెట్టు బతికినట్టు.

పైన్ మహా మొండిది. నెలల తరబడి వేరు వెయ్యదు. ఆకులు ఆరిపోకుండా పైన సన్నటి తుంపర పడుతూ ఉండాలి, కింద మాత్రం తడి తగిలీ తగలనట్టు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, కదపకూడదు. ఇదంతా అక్కకి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను.

ఈరోజు పొద్దున ట్రే జరపబోతే బరువుగా తగిలింది. మట్టి నొక్కితే నా చేతివేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. ఏదో కుళ్లిన వాసన. పక్కనే గట్టు మీద మగ్గు ఉంది.

"ఎవరు పోశారు?"

అక్క నీళ్లు నమిలింది. "దాహమేస్తుందేమోనని కాసిని..."

"కాసినా? చెరువు చేశావు కదక్కా."

"పచ్చగానే ఉన్నాయి కదే."

ఒకటి లాగాను. ఊడి చేతిలోకొచ్చింది. అడుగంతా నల్లగా, మెత్తగా ఉంది. పక్కదీ అంతే. దాని పక్కదీ అంతే. పైన మాత్రం అన్నీ నవనవలాడుతున్నాయి. నాకు భయం వేసింది.

"పైన్ ఇంతే అక్కా. కింద చచ్చినా పైకి తెలియనివ్వదు."

"అన్నీ కాదు. ఆ మూలది నన్ను పట్టుకుంటుంది."

"పట్టుకోవడమేంటి?"

"రోజూ కొంచెం లాగి చూస్తాను. రానంటుంది. నిన్నటికన్నా ఇవాళ ఇంకా గట్టిగా పట్టుకుంది."

ట్రే అటువైపు కాస్త ఎత్తుగా ఉంది, నీళ్లు ఆ మూల నిలవలేదు. అక్క ముఖంలో అంత సంతోషం బావ పోయాక నేను చూడలేదు.

"అక్కా, ముట్టుకోకు. దానికి వేరొచ్చింది. లేత వేరు, ఇట్టే తెగుతుంది."

అప్పటికే అక్క చేతివేళ్లు దాని మీదున్నాయి. "ఒక్కసారి. నీకు చూపిస్తాను."

టక్కుమంది. అంత చిన్న చప్పుడూ ఆ గదిలో వినిపించింది.

కొమ్మ చివర తెల్లటి వేరు మొదలు, తెగి ఉంది. మిగతాది మట్టిలోనే ఉండిపోయింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మళ్లీ గుచ్చితే పట్టుకుంటుందిగా?"

తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి. అక్క నా ముఖంలోకే చూస్తోంది.

"పట్టుకుంటుంది" అన్నాను.

అక్క దాన్ని అదే గుంటలో గుచ్చింది. చుట్టూ మట్టి అదిమి, మగ్గు అందుకుంది.

"కొంచెం నీళ్లు పొయ్యనా?"

ఈసారి నేను వద్దనలేదు.