రథానికి కట్టిన పెళ్ళిగుర్రం

గుర్రం గొంతుకి బెల్టు బిగించింది మీరే, కమిటీ పెద్దలూ. బిగించాక అది మొండికేసిందన్నదీ మీరే. ఏమంటే బొమ్మలో అలాగే ఉందన్నారు. బొమ్మకి ఊపిరాడాలా ఏమిటి?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు సంఘం ఊరేగింపు అది. ఏటేటా దేవుళ్ళ వేషాలు వేసీ వేసీ విసుగొచ్చి, ఈసారి ‘ప్రాచీన నాగరికతల్లో శ్రమించిన గుర్రం’ అని విషయం పెట్టి బోర్డు రాయించారు. ఆ ఆలోచనా, పుస్తకంలోంచి తీసిన పాతకాలపు రథం బొమ్మా కార్యదర్శి కామేశ్వరరావువి. ఆయన బ్యాంకు మేనేజరు. రథం చేసింది సన్యాసిరావు, వ్యాగన్ షెడ్డులో ముప్పై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసినవాడు. గుర్రం పోలయ్యది.

పోలయ్య అదే షెడ్డులో ఖలాసీ. రిటైరయ్యాక రతన్‌పూర్‌లో ఒక టాంగావాడి దగ్గర, ఇంకా బండికి కట్టని చమేలీ అనే తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాడు. ఎనిమిదేళ్ళుగా అది గోల్ బజార్ చుట్టుపక్కల పెళ్ళికొడుకుల్ని మోస్తోంది. పెళ్ళికొడుకు అక్కచెల్లెళ్ళు నానబెట్టిన శనగపప్పు నోటికందిస్తే తింటుంది. బ్యాండు మోగితే రెండడుగులు వేసి ఆగుతుంది, మళ్ళీ రెండడుగులు. దాని చదువంతా అంతే.

ఉదయం రథాన్ని చూసి పోలయ్య నోరు తెరిచాడు. బొమ్మలోది సన్నటి కర్రలూ తోలూ. సన్యాసిరావు చేతికి సన్నటి పని రాదు. బతుకంతా బొగ్గు వ్యాగన్లకి అతుకులేసిన చెయ్యి. ఇనుప చానల్, మందపాటి రేకు, పైన బంగారు రంగు.

“ఇది రథమేటి బావా, బొగ్గు వ్యాగనేటి?”

“పాతికేళ్ళు తిరిగినా ఒక్క బోల్టు ఊడదు, సూసుకో,” అన్నాడు సన్యాసిరావు రొమ్ము విరిచి.

“ఊరేగింపు రెండు గంటలే కదేటి!”

సన్యాసిరావు కూతురు జ్యోతిర్మయి కాలేజీలో చరిత్ర చదువుతోంది. “నాన్నకి ముందే చెప్పాను మావయ్యా. అసలు రథం ఇద్దరు మనుషులు ఎత్తేసేంత హల్కా. గుర్రాలు కూడా రెండు. కాడి వాటి మూపుల మీద ఆనేది.”

“రెండోది ఎక్కణ్ణుంచి తేవాలమ్మా?” అన్నాడు కామేశ్వరరావు. ఆయన అప్పటికే అట్టకిరీటం పెట్టుకుని రాజైపోయాడు. “పక్కనుంచి చూస్తే బొమ్మలో ఒకటే కనిపిస్తోందిగా!”

“అచ్ఛా, ఠీక్ హై అంకుల్,” అని ఆ పిల్ల ఫోను తీసి వీడియో మొదలెట్టింది. తెలిసిన మనిషి అంతటితో ఊరుకుంది.

బెల్టు పాత మిషనుది. చమేలీ మెడ చుట్టూ తిప్పి, రథం ముందుకు చాచిన ఇనుప గొట్టాలకి రెండు బోల్టులతో బిగించారు. పోలయ్య బొమ్మకేసి చూశాడు. రాతిలో చెక్కిన గుర్రం, దాని మెడ చుట్టూ పట్టీ, కనిపిస్తూనే ఉంది. అంతంత రాజ్యాలేలినవాళ్ళకి గుర్రాన్ని ఎలా కట్టాలో తెలీదా? తనేమైనా ఎప్పుడైనా బండి కట్టాడా? జీను వేయడం, పెళ్ళికొడుకుని ఎక్కించడం తప్ప ఏం తెలుసు? నోరు మూసుకున్నాడు.

రాజు ఎక్కాడు. పగ్గాలు పట్టుకుని సన్యాసిరావు ఎక్కాడు. బ్యాండు మోగింది. చమేలీ రెండడుగులు వేసి ఆగింది.

“బేండు ఆపండర్రా! ఇది పెళ్ళనుకుంటంది!” అని కేకేశాడు పోలయ్య.

అందరూ నవ్వారు. బ్యాండు ఆగింది. చమేలీ ఇరవై అడుగులు లాగి మళ్ళీ ఆగింది, దగ్గింది. పోలయ్య గబగబా వెళ్ళి బెల్టు కింద వేలు పెట్టాడు. దూరింది. రెండు వేళ్ళు పెట్టాడు. అవీ దూరాయి. మరేటి దీనికి?

జనం ఊరుకుంటారా! ఎండ అన్నాడొకడు. రంగు వాసన అన్నాడింకొకడు. శనగపప్పు పెట్టందే కదలదని ఒక ముసలావిడ తీర్పు చెప్పింది. పోలయ్య పప్పు తెప్పించాడు. చమేలీ మూతి తిప్పేసుకుంది. ఎనిమిదేళ్ళలో అది పప్పు వద్దనడం అదే మొదలు.

“దానికి రాజుని మొయ్యడం అలవాటు లేదయ్యా,” అన్నాడు కామేశ్వరరావు పైనుంచి. “ఒక్కటి తగిలించు.”

పోలయ్య తగిలించలేదు. అలాగని విప్పనూ లేదు. కదిలినప్పుడల్లా దగ్గు. తను వెళ్ళి చూసేసరికి బెల్టు వదులుగానే ఉంటుంది. దయ్యం పట్టినట్టుంది. తప్పు గుర్రానిదా, తన కళ్ళదా? చూసేటప్పటికి మాయమైపోయే జబ్బు ఎక్కడైనా ఉంటుందా?

ఓవర్‌బ్రిడ్జి ఎక్కుడు వచ్చింది. పోలయ్య కళ్ళెం పట్టుకుని, గుర్రం మొహంలోకి చూస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. సగం ఎక్కేసరికి రథం వెనక్కి గుంజింది. బెల్టు గొంతులోకి దిగిపోయింది. చమేలీ కళ్ళు తెల్లబడ్డాయి. నాలుక నల్లబడింది. గొంతులోంచి ఒక గరగర. పోలయ్య వేలు పెట్టబోతే గోరు కూడా దూరలేదు.

అప్పుడు తెలిసింది. ఆగితే వదులు, లాగితే ఉరి. అది ఆగినప్పుడల్లా తను వచ్చి చూశాడు, బాగుందనుకుని మళ్ళీ లాగించాడు. ఎక్కుడు మీద ఆగినా ఉరే.

“దిగండి! సచ్చిపోతంది, దిగండి!”

“ఇంకో పది గజాలేగా, తర్వాత పల్లమే!” అన్నాడు రాజు.

సన్యాసిరావు పగ్గాలు వదిలేశాడు. దూకి, చక్రం వెనక రాయి తోసి, రాజు చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. కిరీటం రోడ్డు మీద పడింది. బ్యాండువాళ్ళు కూడా వచ్చి భుజాలు ఆన్చి రథాన్ని ముందుకు నెట్టారు. బెల్టు వదులైంది. సన్యాసిరావు జేబులోంచి స్పానరు తీసి బోల్టులు విప్పాడు. చమేలీ ముందుకాళ్ళ మీద కూలి, డొక్కలెగరేసుకుంటూ గాలి పీల్చింది. గరగర మాత్రం ఆగలేదు.

“అమ్మా, ఆ పాతకాలపోళ్ళు కూడా ఇలాగే సంపుకున్నారేటి?” అని అడిగాడు పోలయ్య.

జ్యోతిర్మయి ఫోను ఎప్పుడో దించేసింది. “పక్కాగా తెలీదు మావయ్యా. మిగిలినవి ఎక్కువగా బొమ్మలే. గొంతు నొక్కేదని కొందరు రాశారు. లేదు, బరువు మూపుల మీదే పడేదని కొందరు కట్టి చూపించారు.”

“బొమ్మ సెక్కినోడు గుర్రాన్ని తోలేడో లేదో!” పోలయ్య తల పట్టుకున్నాడు. అంతలోనే వదిలేశాడు.

కామేశ్వరరావు కిరీటం దులుపుకుంటూ వచ్చాడు. “పోనీ, బెల్టు ఛాతీకి కడితే? గోల్ బజార్లో జనం చూస్తూ ఉంటారు...”

“ఈ ఇనుముకి దీన్ని ఇంకెక్కడా కట్టనివ్వను,” అన్నాడు పోలయ్య. “ముందు పశువుల డాక్టరుకి ఫోను సెయ్యి బాబూ, ఇప్పుడే. బావా, నువ్వు నీళ్ళు తే. అమ్మా, నీకు తెలిసిందంతా ఆ బోర్డు మీద రాయి, గొంతుకి బెల్టు కట్టొద్దని పెద్దచ్ఛరాలతో రాయి. ఊరేగింపు ఎల్లాలంటే మీరంతా కలిసి ఈ రథాన్ని లాగండి. ఏటి సూస్తారు? ఫోను తియ్యండి!”