కోళ్లగూటి మీది వల

రెండువేల ఆరు పంచాయతీ ఎన్నికలకు మూడు రోజుల ముందు నిజాంపట్నం పక్క పల్లెలో పెద్దలు అందరి చేతా వల మీద ఒట్టు వేయించారు. ఓట్లన్నీ సర్పంచి వీరరాఘవయ్యగారి ఉంగరం గుర్తుకే పడాలి. మాట తప్పితే ఆ ఇంటి మగాడెక్కిన పడవ ఒడ్డుకు రాదు.

సౌజన్య కూడా చెయ్యి వేసింది. వేళ్లకు ఏదో ఈక అంటుకుంది. ఆ భయంలో పట్టించుకోలేదు. భర్త నాగశివ ముందురోజే వేటకు వెళ్లాడు. ఓటు రోజు పొద్దున్నే వస్తానన్నాడు.

ఆ పొద్దున రాలేదు.

బడిలో బ్యాలెట్ కాగితం మీద ఉంగరం, దాని కింద కత్తెర. కత్తెర గుర్తు కుమారిది. ఎండుచేపలమ్మే కుమారి ఓటడగడానికొచ్చినప్పుడు, "గెలిస్తే మొదట కాలవ మీద వంతెనే వదినా" అంది. అంగన్‌వాడీకి వెళ్లాలంటే ఇప్పటికీ తాటిదూలమే దారి. మూడేళ్ల పాప దాని మీద అడుగేసినప్పుడల్లా సౌజన్య గట్టిగా చెయ్యి పట్టుకునేది.

ముద్ర చేతిలోకి తీసుకుంది. నాగశివ మొహం కనిపించింది. ఆ వెంటనే, రేపు వంతెన మీద గంతులేస్తూ వెళ్లే పాప కనిపించింది. కళ్లు మూసుకోకుండానే కత్తెర మీద గుద్దేసింది.

ఇంటికొచ్చేసరికి అత్త పేరమ్మ చేపలు తోముతోంది.

"ఏంటే ఆ చెమటలు? ఓటేసొచ్చావా, వల లాగొచ్చావా?"

"ఒట్టు తప్పానత్తా! ఆయన ఇంకా రాలేదు..."

"ఎవరికేశావేంటి?"

"నీ మనవరాలికేశాను." సౌజన్య భోరుమంది.

పేరమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. "ఆ రోజు పెద్దలు వల తెమ్మంటే తెచ్చిందెవరు? నేనేగా! అదుగో చూడు."

కోళ్లగూటి మీద అదే వల పరిచి ఉంది.

"అది సముద్రం మొహం చూసి ఆరేళ్లయింది, దాని ఒట్టు పడవకెట్టా తగులుద్ది? కావాలంటే కోళ్లకు చెప్పుకో!"

"ముందే చెప్పొచ్చుగా అత్తా!"

"నీ నోట్లో నువ్వుగింజ నానుద్దా?"

"మరి నువ్వెవరికేశావు?"

"అడక్కూడదు. రహస్యమంట, పోలింగు సారు చెప్పాడు."

సాయంత్రానికి డప్పులు మోగాయి. కుమారి పద్నాలుగు ఓట్లతో గెలిచింది. ఆ సందడిలోనే ఎవరో, "నాగశివా వాళ్లొచ్చారు! ఎదురుగాలంట!" అని కేకేశారు.

సౌజన్య పాపను చంకనేసుకుని, రేవుకని దూలం మీదికి పరుగు తీసింది.

"కింద చూసుకుని నడువే! వంతెన ఇంకా కట్టలేదు!" వెనకనుంచి అరిచింది పేరమ్మ.