నాంచారమ్మ మీద కట్టిన పాట

ఒక వరస ఐసు, ఒక వరస శీలావతి చేపలు, మళ్ళీ ఒక వరస ఐసు. ముత్యాలమ్మ చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కొల్లేటి గట్టు పక్కన రేకుల షెడ్డు, చేపల ట్రేలు, ఐసు ఆడే మిషను రొద. ఇరవై రెండేళ్ళుగా ఐసులో నానిన వేళ్ళు. చివర్లు తెల్లగా ముడతలు పడ్డాయి, గోళ్ళు అరిగిపోయాయి. మనిషి పొట్టి. చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా, తలకు తువ్వాలు. దారిన పోతుంటే ఎవరూ రెండోసారి చూడరు.

"ఏవండీ కృష్ణబాబు గారూ, లారీ ఎప్పుడొస్తుందండీ?" అని కాటా దగ్గరున్న గుమాస్తాను అడిగింది, పొద్దుటినుంచి నాలుగోసారి.

"పెళ్ళి నీదా ఏంటి, అంత తొందర?"

"నా పెళ్ళికి తొందరపడే ఇలా అయ్యానండీ."

షెడ్డంతా నవ్వింది. ముత్యాలమ్మ నవ్వలేదు. మధ్యాహ్నం బంతి వేళకు తాడేపల్లిగూడెంలో ఉండాలి.

మగపెళ్ళివారు భోజనాలకు కూర్చున్నప్పుడు ఆడపెళ్ళివారి తరఫున వియ్యపురాలిని ఆటపట్టిస్తూ పాడాలి కదా, ఆ పాటకు కొల్లేటి లంకల నుంచి ఉంగుటూరు దాకా ముత్యాలమ్మనే పిలుస్తారు. పాత పాటలు అందరికీ వచ్చు, పేరు మార్చి పాడేస్తే అయిపోతుంది. ముత్యాలమ్మ అలా పాడదు. పెళ్ళికి వారం ముందే ఏదో వంక పెట్టుకుని ఆ వియ్యపురాలి ఇంటికి వెళ్ళి, మంచినీళ్ళడిగి, అరుగు మీద కాసేపు కూర్చుని వస్తుంది. ఆవిడ ఎలా నడుస్తుంది, ఎవరిని కసురుతుంది, దేనికి నవ్వుతుంది, దేనికి నవ్వదు, అన్నీ చూసుకున్నాకే కడుతుంది. పాట ఎవరి మీదో ముందు వాళ్ళు నవ్వాలి, తర్వాతే మిగతా బంతి. ఒకసారి ఉంగుటూరులో ఒకావిడ నవ్వి నవ్వి పొలమారి, కళ్ళు తుడుచుకుని, "ఇంకో చరణం పాడవే తల్లీ" అంది. ఏ జన్మలో ఎవరన్నారు అలాంటి మాట ముత్యాలమ్మని? షెడ్డులో ఐసు చల్లేటప్పుడు ఇప్పటికీ అది గుర్తు చేసుకుంటుంది.

ఈసారి వెళ్ళడం పడలేదు. చెరువుల్లో చేపల పట్టుబడులు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. సెలవడిగితే మరి రావద్దంటారు. పెళ్ళికూతురు వెంకటదుర్గ తమ్ముడి కూతురు. వెంకటదుర్గ, ముత్యాలమ్మ ఒకే పడవలో బడికి వెళ్ళారు, ఒకే ఏడు మానేశారు. ఒకరి పురుడు ఒకరు చూసుకున్నారు. ఆవిడే ఫోనులో చెప్పింది.

"పెళ్ళికొడుకు తల్లి నాంచారమ్మనీ, పెంటపాడు ఆవిడ. అరటిబోదెల్లాంటి చేతులే ముత్యాలూ. ఏటా తీర్థంలో ఏం కొంటుందో తెలుసా? చిన్నపిల్లల గాజులు! దాని మీద కట్టు."

"నవ్వే మనిషేనా?"

"పగలబడి నవ్వుతుంది. నా మాట మీద నమ్మకం లేదేంటే?"

దుర్గ మాట మీద నమ్మకం లేకపోవడమేమిటి! ఆ రోజే చరణం కట్టేసింది.

లారీ పదింటికి వెళ్ళింది. నీచు వాసన పోయేదాకా నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, బస్సెక్కి, దిగి, కల్యాణమండపంలో ఆడవాళ్ళని నలుగురిని పోగేసి వంత పాడే వరస నేర్పింది. అప్పటికే బంతి సాగుతోంది. వెంకటదుర్గ నాంచారమ్మని దూరం నుంచే చూపించింది. భారీ మనిషి, మామిడిపండు రంగు పట్టుచీర. ముత్యాలమ్మని చూసి, ముందే తెలిసినట్టు తల ఊపింది.

ముత్యాలమ్మ మైకు అందుకుంది.

"అరటిబోదె చేతులమ్మా మా వదినగారివి,
అరచేతి మడత పట్టని బుల్లి గాజులు కొన్నది,
తీర్థంలో బేరమాడి కొంగున కట్టింది,
ఎవరి చేతికమ్మా వదినా, ఎవరి చేతికి?"

బంతంతా గొల్లుమంది. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. వంత పాడేవాళ్ళు రెచ్చిపోయి మళ్ళీ అడిగారు, మూడోసారీ అడిగారు, "ఎవరి చేతికమ్మా వదినా, ఎవరి చేతికి?"

నాంచారమ్మ కలిపిన ముద్ద విస్తట్లోనే పెట్టింది.

"మా చిన్నదాని చేతికమ్మా," అంది మామూలుగా, అడిగినదానికి చెప్పినట్టు. "ఏడో ఏట చేపలచెరువులో పోయింది. ఆ సైజు దాటలేదు."

వడ్డించేవాళ్ళు సాంబారు బకెట్లతో ఉన్నచోటే ఆగిపోయారు. ముత్యాలమ్మ దుర్గ వైపు తిరిగింది. దుర్గ అప్పడాల బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో ఆశ్చర్యం లేదు.

"నువ్వే కదే చెప్పావు?"

"నేనా? నేనెప్పుడు చెప్పాను? నీ నోటికొచ్చింది కట్టుకుని నా మీద పెడతావేం?" బంతంతా వినేలా అంది.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది ముత్యాలమ్మకి. రెండేళ్ళ కిందట దుర్గ పెంటపాడు సంబంధమంటూ తన కూతుర్ని ఈ పెళ్ళికొడుక్కే ఇవ్వాలనుకుంది. కాదన్నారు. ఇప్పుడు తమ్ముడి కూతుర్ని చేసుకుంటున్నారు. అప్పుడు దుర్గ ఏడ్చింది ముత్యాలమ్మ భుజం మీదే. ఆ కసి ముత్యాలమ్మ గొంతులో పెట్టి పాడించుకుంది.

బంతి లేచింది. ముత్యాలమ్మ మైకు పక్క కుర్చీలో కూలబడిపోయింది. చేతులు కడుక్కుని నాంచారమ్మ వచ్చింది. పాట ఎవరి మీద కట్టారో ఆ వియ్యపురాలే పాడినావిడకు తాంబూలంతో జాకెట్టు ముక్క పెట్టాలి. ఆ ప్రకారమే తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"వదినగారండీ..." అంది ముత్యాలమ్మ.

"దుర్గకి ఆ గాజుల సంగతి చెప్పింది నేనే, వాళ్ళ పిల్ల సంబంధం మాట్లాడుకునే రోజుల్లో. అది వదిలెయ్యి." నాంచారమ్మ కొంగు సర్దుకుంది. "పాట కట్టేముందు ఇంటికొచ్చి చూసి వెళ్తావటగా. అందరూ చెప్పారు. నేనూ వస్తావనుకున్నాను. అరిసెలు కూడా వండి ఉంచాను."

ఇంకేం అనకుండా పెళ్ళివారి బస్సు వైపు వెళ్ళిపోయింది.

వంటవాళ్ళు వాడే వెనక గుమ్మంలోంచి ముత్యాలమ్మ బయటపడింది. దుర్గ పిలుస్తోందో లేదో వినలేదు. మర్నాడు షెడ్డుకు వచ్చింది, ఐసు చల్లింది. ఆ తర్వాత పిలవడానికి వచ్చినవాళ్ళందరికీ గొంతు పోయిందండీ అని చెప్పింది.

పెళ్ళి రోజు సాయంత్రం మండపం ఊడ్చేటప్పటికి మైకు పక్క కుర్చీలో మడత విప్పని ఆకుపచ్చ జాకెట్టు ముక్క, పైన వక్కలు, రెండు తమలపాకులు అలాగే ఉన్నాయి. ఫ్యాను గాలికి పై ఆకు కొస లేచి పడుతోంది.